చేతికి బాకీపడ్డ కన్ను



మా గురువుగారి పేరున జరిగే ఈ స్మారక ఉపన్యాసం తెలుగులో ఉండాలని నిర్వాహకులు కోరినప్పుడు కొందరు మిత్రులు నామీద జాలిపడ్డారు. లాపరోస్కోపీ గురించి తెలుగులో గంటసేపు ఏం మాట్లాడతావన్నారు. వాళ్లు మా థియేటర్లోకి ఎప్పుడూ వచ్చినట్టు లేదు. అక్కడ పనిముట్ల పేర్లే ఇంగ్లిషు, పని నడిచేదంతా తెలుగులోనే. "కొంచెం వెనక్కి రా", "అడ్డం తిరిగింది, సరిగ్గా పట్టు", "మసకేసింది, తుడిచి పెట్టు" - కెమెరా పట్టుకున్న కుర్రాడు రోజంతా వినే మాటలు ఇవే. ఈ సాయంత్రం నేను చెప్పబోయేది కూడా చాలావరకు ఆ మాటల చుట్టూనే తిరుగుతుంది.

గురువుగారి దగ్గర చేరిన కొత్తలో నేను మొదట గమనించింది ఆయన చేతుల్ని. రౌండ్స్‌లో రోగి పొట్ట మీద చెయ్యి వేసేముందు రెండు అరచేతులూ గట్టిగా రుద్దుకునేవారు. చల్లటి చెయ్యి తగిలితే పొట్ట బిగుసుకుంటుంది, బిగుసుకున్న పొట్ట ఏమీ చెప్పదు అని ఆయన లెక్క. థియేటర్లోనూ అంతే. కోత పెట్టగానే చెయ్యి లోపలికి పంపి, చూపు ఎటో పైకప్పు మీద నిలిపి, కాలేయం అంచులు, పేగు మడతలు, వెన్నెముక ముందున్న గ్రంథులు ఒక్కొక్కటిగా తడిమేవారు. గడ్డ ఎక్కడుంది, ఎంత గట్టిగా ఉంది, వెనక గోడని పట్టేసిందా లేదా అన్నది ఆ అరనిమిషంలో తేలిపోయేది.

కీహోల్ పద్ధతి మా దగ్గర్నుంచి లాక్కున్నది ఆ అరనిమిషాన్నే. పొట్ట మీద నాలుగైదు చిన్న గాట్లు, లోపల కార్బన్ డయాక్సైడ్ నింపి లేపిన గుడారం, ఒక గొట్టంలోంచి కెమెరా, మిగతా గొట్టాల్లోంచి మూరెడు మూరెడు పనిముట్లు. రోగికి నొప్పి తక్కువ, ఇంటికి తొందరగా వెళ్తాడు. సర్జన్ చెయ్యి మాత్రం గుమ్మం బయటే నిలబడిపోతుంది. అది చేసే పని కూడా కన్నే చెయ్యాల్సి వచ్చింది. పేగు క్యాన్సర్ ఆపరేషన్లలో కెమెరాల చరిత్రని నేను ఇలాగే చదువుకుంటాను: చేతికి కన్ను బాకీపడింది, ముప్పై అయిదేళ్లుగా ఆ బాకీ వాయిదాల మీద తీరుస్తోంది. ఏ యంత్రం ఎంత తీర్చిందో చూద్దాం.

పాత సంగతులు త్వరగా చెప్పేస్తాను. 1901లో జార్జ్ కెల్లింగ్ అనే జర్మన్ వైద్యుడు కుక్క పొట్టలోకి గాలి నింపి, మూత్రాశయాన్ని చూసే గొట్టంతో లోపల చూశాడు. 1910లో స్వీడన్‌లో యాకోబేయస్ మనుషుల్లో చూశాడు. ఆ తర్వాత యాభై ఏళ్లు కథ పెద్దగా కదలలేదు, కారణం వెలుతురు. సన్నటి గొట్టంలో చిన్న చిన్న కటకాలు, మధ్య పొడుగాటి గాలి ఖాళీలు. వెలుగు దారిలోనే ఇంకిపోయేది. 1959లో హెరాల్డ్ హాప్కిన్స్ అనే బ్రిటిష్ భౌతికశాస్త్రవేత్త దాన్ని తిరగేశాడు. గాలి ఉన్నచోట గాజుకడ్డీలు పెట్టి, కటకం ఉన్నచోట సన్నటి గాలిపొర వదిలాడు. అంటే గాలినే కటకం చేశాడు! కత్తి పట్టని ఆ మనిషికి మా వృత్తి పడ్డ రుణం మామూలుది కాదు. ఇవాళ్టికీ మీరు చేత్తో పట్టుకునే టెలిస్కోప్ లోపల ఎక్కువగా ఉండేది ఆయన కడ్డీలే.

అయినా కన్ను గొట్టానికి ఆనించి చూసేది ఒక్కడే. కీల్ నగరంలో కుర్ట్ సెమ్ 1980లో అపెండిక్స్ తీసినా, బోబ్లింగెన్‌లో ఎరిక్ మ్యూహె 1985లో పిత్తాశయం తీసినా తోటి సర్జన్లు మెచ్చుకోకపోగా మొహం చిట్లించారు. చిప్ కెమెరా వచ్చి బొమ్మ తెర మీద పడ్డాక థియేటర్లో అందరూ ఒకే దృశ్యం చూడగలిగారు, సహాయకుడు సాయం చెయ్యగలిగాడు. ముంబయిలో టెహమ్టన్ ఉద్వాడియా 1972 నుంచే లాపరోస్కోప్‌తో పొట్టలోకి చూసి రోగనిర్ధారణ చేస్తూ వచ్చారు; 1990లో జె.జె. ఆసుపత్రిలో పిత్తాశయం తీసి మన దేశంలో ఈ దారి తెరిచారు. అదే ఏడాది అమెరికాలో, మయామీలో మోయిజెస్ జేకబ్స్ కుడివైపు పెద్దపేగుని కీహోల్ సాయంతో తీశాడు.

గురువుగారు మొదటిసారి వీడియోలో ఈ ఆపరేషన్ చూసి, సినిమా బాగుంది, ఇంతకీ గడ్డ ఎక్కడుందో నీకెలా తెలిసిందని నన్ను అడిగారు. వెటకారమనుకున్నాను. ఆ ప్రశ్న ఎంత లోతైనదో తర్వాత తెలిసింది. పేగు క్యాన్సర్ పుట్టేది పేగు లోపలి పొరలో. చిన్న గడ్డయితే బయటినుంచి చూస్తే పేగు నున్నగా, అమాయకంగా ఉంటుంది. చెయ్యి ఉంటే నొక్కి పట్టుకునేది. కెమెరా ఎంత గొప్పదైనా గోడ అవతల చూడలేదు. అందుకని ముందే కొలనోస్కోపీ చేసేవాళ్లు గడ్డ పక్కన పేగు గోడలోకి నల్లసిరా సూది వేస్తారు. సన్నటి బొగ్గుపొడి కలిపిన సిరా అది. దీనికి మొదట్లో వాడిన దాని పేరు ఇండియా ఇంకు! ఆపరేషన్ రోజు పేగు మీద బయటికి నల్లటి మచ్చ కనిపిస్తుంది. మన అమ్మమ్మల మోచేతుల మీద ఉండే పచ్చబొట్టే ఇది. ఆ మచ్చ లేకపోతే గడ్డ ఉన్న ముక్క వదిలేసి లేని ముక్క కోసే ప్రమాదం నిజంగా ఉంది. కోట్ల రూపాయల తెరల గురించి మాట్లాడేముందు, చేతి బాకీలో అన్నిటికన్నా పెద్ద వాయిదాని చెంచాడు సిరా తీర్చిందని గుర్తుపెట్టుకోండి.

ఇక మలాశయం. పెద్దపేగు చివరి పదిహేను సెంటీమీటర్లు, కటి ఎముకల గరాటులో ఇరుక్కుని ఉంటుంది. ఇంగ్లండ్‌లో బేసింగ్‌స్టోక్‌లో పనిచేసిన బిల్ హీల్డ్ 1982లో చెప్పిన మాట ఈ ఆపరేషన్ తీరునే మార్చింది. మలాశయాన్నొక్కదాన్నే కాదు, దాన్ని చుట్టుకుని ఉన్న కొవ్వు సంచిని, అందులోని గ్రంథులతో సహా పైపొర చిరగకుండా తీయాలన్నాడు. ఇది తాటిముంజె ఒలవడం లాంటిది. పైనున్న పల్చటి తొక్క తీస్తున్నప్పుడు గోరు లోపలికి దిగిందా, నీళ్లు చెయ్యంతా కారిపోతాయి. ఇక్కడ కారేది క్యాన్సర్ కణాలు. ఆ సంచికీ కటి గోడకీ మధ్య పీచుమిఠాయి లాంటి తెల్లటి పోగులుంటాయి. ఆ పోగుల్లోనే నడవాలి. వేలెడు లోపలికి జరిగితే సంచి చిరుగుతుంది, వేలెడు బయటికి జరిగితే మూత్రానికీ దాంపత్యానికీ సంబంధించిన నరాలు తెగుతాయి.

ఆ దారి చూడ్డంలో కెమెరాది నిజమైన పైచెయ్యి. గురువుగారు నుదుటికి దీపం కట్టుకుని, మెడ వంచి, పొడవాటి రిట్రాక్టర్ పట్టుకున్న నన్ను తిడుతూ చూసిన చోటుకి కెమెరా తాపీగా దిగి నిలబడుతుంది. అయినా మంచి బొమ్మ ఉన్నంత మాత్రాన మంచి ఆపరేషన్ జరిగినట్టు కాదు. పెద్దపేగు విషయంలో కీహోల్, పొట్ట తెరిచి చేసే ఓపెన్‌కి తీసిపోదని 2004లో అమెరికాలో 872 మంది మీద జరిగిన ట్రయల్ తేల్చింది. మలాశయం దగ్గర అంత తేలిగ్గా తెగలేదు. 1044 మంది మీద జరిగిన కలర్-2 ట్రయల్‌లో మూడేళ్లకి కటిలో క్యాన్సర్ తిరగబెట్టింది రెండు వైపులా 5 శాతం మందికే. 2015లో అమెరికా నుంచి ఒకటి, ఆస్ట్రేలియా-న్యూజిలాండ్ నుంచి ఒకటి, రెండు ట్రయల్స్ మాత్రం తీసిన ముక్క నాణ్యతలో కీహోల్ తీసిపోదని నిరూపించలేకపోయాయి. హెచ్‌డీ కెమెరాలు ఉన్న కాలంలోనే ఇది జరిగింది. కాబట్టి లోపం బొమ్మలో ఉందా, పనిముట్టులో ఉందా, చెయ్యి తిరగడంలో ఉందా అన్న వాదన మొదలైంది. కెమెరాలమ్మే కంపెనీలు లోపమంతా బొమ్మలోనే ఉందని ఇట్టే ఒప్పుకున్నాయి!

మామూలు లాపరోస్కోపు ఒంటికన్నుది. ఒక కన్ను మూసుకుని సూదిలో దారం ఎక్కించి చూడండి, లోతు ఎందుకు అందదో తెలుస్తుంది. 3డీ కెమెరా ఆ రెండో కన్ను ఇస్తుంది. గొట్టంలో పక్కపక్కన రెండు దృశ్యాలు పట్టి, తెర మీద కలిపి, కళ్లజోడు ద్వారా ఒక్కో కంటికి ఒక్కోటి పంపుతుంది. 1990ల్లో వచ్చిన మొదటి తరం 3డీ ఎంత ఘోరంగా ఉండేదంటే, కళ్లజోడు అద్దాలు క్షణానికి ఎన్నోసార్లు మూసుకుంటూ తెరుచుకుంటూ ఉంటే గంటకల్లా తల పగిలిపోయేది. స్కాట్లండ్‌లో డండీలో ఆల్‌ఫ్రెడ్ కుషియెరి బృందం 1998లో పిత్తాశయం ఆపరేషన్లలో 2డీనీ ఆనాటి 3డీనీ పోల్చి, తేడా ఏమీ లేదని లాన్సెట్‌లో రాసింది. ఇవాళ్టి 3డీ వేరు. కళ్లజోడు సినిమాహాల్లో ఇచ్చేలాంటిది, తేలిక. శిక్షణ పెట్టెల మీద కుట్లు వేయించి చూస్తే కొత్తవాళ్ల వేగం పెరుగుతుంది, తప్పులు తగ్గుతాయి. ఇది చాలాచోట్ల మళ్లీమళ్లీ తేలింది.

చెయ్యి తిరిగినవాడి సంగతి వేరు. ఇరవై ఏళ్లు ఒంటికన్నుతో పనిచేసిన సర్జన్ నీడల్ని బట్టి, కెమెరా కదిలినప్పుడు ముందుది వెనకది జరిగే తీరుని బట్టి, పనిముట్టు కొన ఎక్కడ తగిలి ఆగిందన్న దాన్ని బట్టి లోతు లెక్కగడతాడు. పనిముట్టు పొడుగునా చేతికి అందే ఆ కాస్త స్పర్శ వాడికి చాలు. మలాశయం ఆపరేషన్లో 3డీనీ 2డీనీ పోల్చుతూ 88 మంది మీద ఒక ప్రాథమిక ట్రయల్ జరిగింది. తీసిన సంచి నాణ్యతలో 3డీ వైపు కాస్త మొగ్గు కనిపించింది గానీ, గణాంకాల తక్కెడలో నిలబడేంత కాదు. నా అభిప్రాయం అడిగితే, నేర్చుకునేవాళ్లున్న చోట 3డీ కొనండంటాను. నేర్చుకున్నవాళ్ల కోసమే అయితే ఆ డబ్బుకి ముందు మంచి స్టేప్లర్లు కొనండంటాను.

ఇక సర్జన్ నడిపే రోబో సంగతి. దానికి పుట్టుకతోనే రెండు కళ్లు. పైగా కెమెరా సర్జన్ చేతిలోనే ఉంటుంది, వణకదు. అయినా మలాశయం ఆపరేషన్లలో రోబోనీ మామూలు కీహోల్‌నీ 471 మందిలో పోల్చిన రోలార్ ట్రయల్ 2017లో ఏం చెప్పింది? మధ్యలో పొట్ట తెరవాల్సి వచ్చినవాళ్లు కీహోల్‌లో 12.2 శాతం, రోబోలో 8.1 శాతం, ఆ తేడా యాదృచ్ఛికం కాదని చెప్పడానికి ఆధారం చాల్లేదు.

4కే గురించి చిన్న లెక్క చేద్దాం. ఫుల్ హెచ్‌డీలో చుక్కలు సుమారు 20 లక్షలు, 4కేలో సుమారు 83 లక్షలు. నాలుగు రెట్లు! వినడానికి బాగుంది. 27 అంగుళాల తెర మీద ఫుల్ హెచ్‌డీ చుక్క ఒక్కొక్కటి 0.3 మిల్లీమీటర్ల వెడల్పు. ఆరోగ్యమైన కన్ను మీటరు దూరం దాటాక ఆ చుక్కల్ని విడదీసి చూడలేదు. మన థియేటర్లలో తెర ఎంత దూరంలో ఉంటుంది? ఆపరేషన్ బల్ల అవతల, మత్తు డాక్టరు యంత్రం పక్కన, రెండు మీటర్ల దగ్గర. ఆ దూరంలో ఆ సైజు తెర మీద హెచ్‌డీ ఇచ్చిందే కన్ను పూర్తిగా తీసుకోలేదు, ఇక 4కే ఇచ్చేది ఎక్కడ పెట్టుకుంటుంది? 55 అంగుళాల తెర తెచ్చి, మీటరున్నర దూరంలో పెట్టుకుంటేనే ఆ అదనపు చుక్కలకి అర్థం. అప్పుడు నిజంగానే బాగుంటుంది. నరాల సన్నటి పోగులు, సంచి మీది రక్తనాళాల అల్లిక విడివిడిగా తేలతాయి. రంగుల్లో ఎరుపు ఛాయలు ఎక్కువ తెలుస్తాయి. 4కే కొని పాత తెరనే ఉంచుకున్న చోట్లు నేను చూశాను, అందుకే ఇంత చెప్పాను.

ఇక్కడ కాస్త కోపంగా మాట్లాడతాను, క్షమించండి. మన థియేటర్లలో బొమ్మని చెడగొట్టేది చుక్కల కొరత కాదు. చల్లటి టెలిస్కోపు వెచ్చటి పొట్టలోకి వెళ్లగానే అద్దం మీద ఆవిరి పడుతుంది, టీ గ్లాసు మీద వంగినప్పుడు కళ్లజోడు మసకేసినట్టు. దానికి మందు ఫ్లాస్కులో వేడినీళ్లు. ఆ ఫ్లాస్కులో నీళ్లు చల్లారిపోయాయని ఎవరూ చూడరు. లైటు కేబుల్‌ని మడిచి మడిచి లోపల పోగులు విరిగి సగం వెలుగే వస్తుంటుంది. దాన్ని మార్చమని రాసిన కాగితం ఆర్నెల్లుగా స్టోర్స్‌లో నిద్రపోతుంది. అన్నిటికన్నా ముఖ్యం, అందరి కళ్లూ ఏ మనిషి చేతిలో ఉన్నాయో ఆ కెమెరా మనిషి థియేటర్లో అందరికన్నా చిన్నవాడు, రాత్రి డ్యూటీ చేసి వచ్చినవాడు. నేనూ ఆ కుర్రాణ్ణే ఒకప్పుడు. నాలుగో గంటలో నిలువునా కునికి, తెర మీద పేగు మాయమై పైకప్పు లాంటి పొట్ట గోడ వచ్చింది. ఆ రోజు తిన్న తిట్లు ఇక్కడ చెప్పడానికి వీల్లేదు. కుర్రాడికి నాలుగు వారాలు శిక్షణ ఇస్తే వచ్చే స్పష్టత ఏ కొత్త కెమెరాతోనూ రాదని మాత్రం అప్పుడే అర్థమైంది.

ఇంతవరకూ చెప్పినవన్నీ కంటికి కనిపించేదాన్ని మరింత బాగా చూపించేవి. ఇప్పుడు చెప్పబోయేది కంటికి అసలు కనిపించనిదాన్ని చూపిస్తుంది.

గడ్డ ఉన్న ముక్క తీశాక పేగు రెండు కొసల్నీ కలిపి అతుకు వేస్తాం. ఆ అతుకు విడిపోయి లీకైతే మలం కటిలోకి చేరుతుంది, ప్రాణం మీదికి వస్తుంది. అతుకు అతకాలంటే కొసలకి రక్తం అందాలి. అందుతోందని ఎలా తెలుసు? గురువుగారు కొసని రెండు వేళ్ల మధ్య పట్టుకుని నాడి చూసేవారు, అంచు కోసి ఎర్రటి రక్తం చిమ్ముతోందా అని చూసేవారు. కీహోల్‌లో నాడి అందదు, గులాబీ రంగు చూసి సరిపెట్టుకుంటాం. నా సొంత రోగి ఒకాయన, యాభై దాటిన రైతు. పేగు నిగనిగలాడుతూ గులాబీ రంగులో ఉందని అతుకు వేశాను. అయిదో రోజు సాయంత్రం జ్వరం, నాడి పరుగు. మళ్లీ తెరిస్తే పైకొస అంగుళం మేర నల్లబడి ఉంది. ఆయన బతికారు, పొట్ట మీద మలం పట్టే సంచితో ఇంటికెళ్లారు. ఆ గులాబీ రంగుని నేను ఇంతవరకూ క్షమించలేదు.

ఇండోసయనిన్ గ్రీన్, మేం ఐసీజీ అంటాం, ఆ గులాబీ రంగు అబద్ధాన్ని పట్టేది. ఇది కొత్త మందు కాదు, కోడాక్ కంపెనీ ఫొటోగ్రఫీ కోసం తయారుచేసిన రంగు. 1959లో అమెరికాలో మనుషుల మీద వాడకానికి అనుమతి వచ్చింది, చాలాకాలం గుండె, కాలేయం, కంటి పరీక్షలకే వాడారు. చేతి సిరలోకి ఎక్కిస్తే రక్తంలోని ప్రొటీన్లని అంటుకుని నాళాల్లోనే తిరుగుతుంది. మూడు నాలుగు నిమిషాలకొకసారి రక్తంలో సగానికి సగం తగ్గుతూ, కాలేయం ద్వారా పైత్యరసంలోకి పోతుంది. 800 నానోమీటర్ల దరిదాపు కాంతి పడితే, తను సుమారు 830 నానోమీటర్ల కాంతి వెలువరిస్తుంది. ఆ కాంతి మన కంటికి కనబడదు. కెమెరా పట్టుకుని, కంప్యూటరు దానికి తెర మీద పచ్చరంగు పూస్తుంది. అంటే మీరు చూసే పచ్చదనం పేగుది కాదు, తర్జుమా.

పేగు కోసేముందు సూది ఇచ్చి, థియేటర్ దీపాలు ఆర్పి చూస్తాం. నిమిషం లోపే పేగు పచ్చగా వెలగడం మొదలవుతుంది, ఒకచోట ఆగిపోతుంది. మొదటిసారి చూసినప్పుడు, నేను కోద్దామని గుర్తుపెట్టిన చోటికీ పచ్చదనం ఆగిన చోటికీ మధ్య రెండంగుళాల తేడా ఉంది. మామూలు వెలుతురులో రెండు చోట్లా అదే గులాబీ రంగు. ఇలా కోత చోటు మార్చుకోవాల్సి రావడం, అమెరికాలో 139 మంది మీద జరిగిన పిల్లర్-2 అధ్యయనంలో నూటికి ఎనిమిది మందికి జరిగింది.

మరి లీకులు తగ్గాయా? రష్యాలో 377 మందితో జరిగిన ట్రయల్‌లో 16.3 శాతం నుంచి 9.1కి తగ్గాయి, తేడా ఎక్కువగా బాగా కింద వేసిన అతుకుల్లోనే. జపాన్‌లో 2023లో వెలువడ్డ, 850 మందితో మొదలైన ట్రయల్‌లో 11.8 నుంచి 7.6కి. అమెరికాలో పిల్లర్-3 మాత్రం 9.6, 9.0 దగ్గర ఆగింది. అనుకున్నంతమందిని చేర్చుకోకముందే ముగిసింది కూడా. నెదర్లాండ్స్‌లో 931 మంది మీద జరిగి 2025లో వచ్చిన ట్రయల్ 9, 7 శాతాలు చూపించి, ఇది తేడా అని ఖాయంగా చెప్పలేమంది. అతుకు విడిపోవడానికి రక్తం ఒక్కటే కారణం కాదు కాబట్టి ఈ అంకెలు తలోదారి పట్టాయి. పేగుని లాగి కుట్టినా, ముందు రేడియేషన్ పడినా, రోగి చుట్ట తాగినా, తిండి లేక చిక్కినా, పేగులోని సూక్ష్మజీవుల పుణ్యాన కూడా విడిపోతుంది. పచ్చరంగు వీటిలో ఒక్కదానికే జవాబు చెబుతుంది. ఆ ఒక్కటీ సరిగ్గా చదవాలి: తాపీగా అయిదు నిమిషాలు చూస్తూ కూర్చుంటే రంగు పక్కనుంచి చచ్చిన ముక్కలోకి కూడా ఇంకుతుంది, అది కూడా పచ్చగా కనిపించి మోసం చేస్తుంది. కెమెరా దగ్గరికి జరిపితే వెలుగు పెరుగుతుంది, దూరం జరిపితే తగ్గుతుంది. ఎంత పచ్చదనం చాలు అన్నదానికి అందరూ ఒప్పుకున్న అంకె ఇంకా లేదు. అయోడిన్ పడని రోగికి ముందే అడిగి తెలుసుకోకుండా ఇవ్వకూడదు.

ఇన్ని షరతులున్నా, ఒక్క పరికరానికే డబ్బుందని ఏ జిల్లా ఆసుపత్రి సర్జనైనా నన్నడిగితే, 3డీ కాదు, 4కే కాదు, ఐసీజీ చూపించే కెమెరా కొనమంటాను. మిగతా రెండూ నా చేతిపని తేలిక చేస్తాయి. ఇది నా నిర్ణయాన్ని మారుస్తుంది. గురువుగారు రెండు వేళ్ల మధ్య వెతికిన నాడిని కన్ను అందుకున్నది ఇక్కడే.

అలాగని అసలైన బొమ్మ థియేటర్లోనే ఉందనుకోవద్దు. మలాశయం క్యాన్సర్ ఆ కొవ్వు సంచి అంచుని దాటిందా అన్నది ముందే తీసిన ఎమ్మారై చెప్పగలదని 2006లో 408 మంది మీద జరిగిన మెర్క్యురీ అధ్యయనం చూపించింది. ఆ ఫిల్మ్ చూడకుండా థియేటర్లోకి వెళ్లినవాడికి ఏ కెమెరా ఏం చేస్తుంది?

పోయినేడాది ఒకావిడకి ఆపరేషన్ చేశాను. సూది ఇచ్చిన అరనిమిషానికి రెండు కొసలూ దీపావళి లాగా వెలిగాయి. గాలి ఎక్కించి పరీక్షించాం, బుడగ రాలేదు. ఆ వీడియోని విద్యార్థులకి చూపించి మరీ మురిశాను. ఆరో రోజు లీకైంది.

ఎందుకైందో ఆ వీడియోని ఎన్నిసార్లు వెనక్కి తిప్పి చూసినా నాకు దొరకలేదు. దొరికింది ఒక్కటే. అయిదో రోజు సాయంత్రం వార్డులో ఆవిడ బాగానే ఉన్నానంది, చార్టులో జ్వరం లేదు, వీడియో అంత బాగుంది కదా అని నేను మంచం చివర నిలబడే కాగితం మీద సంతకం పెట్టి వచ్చేశాను. పొట్ట మీద చెయ్యి వెయ్యలేదు. ఇప్పుడు అయిదో రోజు సాయంత్రం రౌండ్స్‌కి పీజీలతో కాకుండా ఒక్కణ్ణే వెళ్తున్నాను. మంచం పక్కన నిలబడి ముందు అరచేతులు రుద్దుకుంటాను.